అత్త నోట్లో పుండు... అయస్కాంతం చెప్పిన గుట్టు

అంగిలి మీద తెల్లమచ్చ, మానని పుండు, మింగుతుంటే మంట... ఇవన్నీ ‘వేడి చేసింది’ అనుకుని ఊరుకునే మాటలు కావు. కోస్తా పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లకైతే అసలే కావు. పుండు ఎక్కడుందో చూపడమే కాదు, దాని గుణమేమిటో కూడా ఎమ్మారై స్కానింగ్ కాస్త కాస్త చెప్పగలుగుతోంది. మా పెద్దత్త వెంట ఆస్పత్రి చుట్టూ తిరిగినప్పుడు నేను తెలుసుకున్న సంగతులివి.

‘‘మెడలో పుస్తెలు తీసెయ్యాలమ్మా!’’ అంది సిస్టర్.

మా పెద్దత్త గభాలున మెడమీద చెయ్యేసుకుంది. ‘‘ఏటీ? మీ మావ నిక్షేపంలా బతికుండగా పుస్తెలు తీసెయ్యమంటాదేటే ఈ గుంట?’’ అంటూ నావైపు చూసింది. కళ్లనిండా నీళ్లు. నోట్లో పుండని తెలిసినప్పుడు కూడా అంతలా బెదరలేదు మనిషి!

మావారు స్టీల్‌ప్లాంటులో పనిచేస్తారు. తుక్కు ఇనుమును ఎత్తే అయస్కాంతపు క్రేన్ల గురించి ఆయన చెప్పగా విన్నాను. స్విచ్ వేస్తే టన్నులకొద్దీ ఇనుము లేస్తుంది, తీసేస్తే దబ్బున పడుతుంది. ఎమ్మారై గదిలోని అయస్కాంతానికి అలా రోజూ తీసి వేసే స్విచ్ ఉండదు. రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. మామూలుగా వాడే 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి 30 వేల రెట్లకు పైనే. మేలిమి బంగారం దానికి అతుక్కోదు నిజమే. కానీ గొలుసు కొక్కేల్లో, పిన్నీసుల్లో, సైడుపిన్నుల్లో, జాకెట్టు హుక్కుల్లో ఇనుము ఉండొచ్చు. అదీగాక తీయాల్సింది మెడ, తల బొమ్మలాయె. అక్కడ ఏ లోహం ఉన్నా బొమ్మ చెడుతుంది, ఒక్కోసారి వేడెక్కి చర్మం కాలే ప్రమాదం కూడా ఉంది.

సిస్టరే దారి చూపించింది. ‘‘ఒట్టి నూలుతాడుకి పసుపుకొమ్ము కట్టుకోండమ్మా. దాంతో ఏ ఇబ్బందీ లేదు’’ అంది. పక్కనున్న కిరాణాకొట్టుకి పరిగెత్తి పసుపుకొమ్ము తెచ్చాను. ముందు అది మెడలో పడ్డాకే అత్త పుస్తెలతాడు తీసి నా చేతిలో పెట్టింది. మెట్టెలూ, ముక్కుపుడకా, చేతి గాజులూ అన్నీ నా కొంగులో మూటకట్టాను. అరగంటపైనే పట్టింది స్కానింగ్. లోపల నుంచి రోడ్డు తవ్వే మిషనులా ఒకటే చప్పుడు!

అడ్డపొగ... అలవాటా, శాపమా?

అత్తది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున ఉన్న పల్లెటూరు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే తెల్లవారుజామున అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చేది. కొన నోట్లోంచి బయటికి కనబడేది, నిప్పు మాత్రం కనబడేది కాదు! నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసుకుని పొగ పీల్చేది. అదే అడ్డపొగ. నాకదో గారడీలా ఉండేది.

‘‘గాలికి ఆరిపోదే అమ్మీ. చేలో పని చేసుకుంటూ కూడా తాగొచ్చు. పెద్దోల ముందర నిప్పు కనబడదు’’ అని చెప్పేది. మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఈ అలవాటు ఎక్కువ. అమ్మ దగ్గర్నుంచి కూతురికి, అత్త దగ్గర్నుంచి కోడలికి వచ్చేది.

ఈ అలవాటు గురించి మన వైద్యులు ఎప్పుడో హెచ్చరించారు. కోస్తాంధ్రలో అంగిలి కేన్సర్‌కి నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడమే కారణమంటూ 1957లోనే డి.జి.రెడ్డి, వి.కె.రావు ఒక వైద్యపత్రికలో రాశారు. ప్రపంచంలో మిగతా చోట్ల గట్టి అంగిలికి కేన్సర్ రావడం అరుదు. మన తీరంలో అది మామూలైపోయింది. 1971లో మరో అధ్యయనం వెలువడింది. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగేవాళ్లే! నిప్పు వేడీ, పొగాకు విషమూ రెండూ కలిసి నేరుగా అంగిలికే తగులుతాయి. ముందు చర్మం తెల్లబారుతుంది. తర్వాత ఎర్రచుక్కలు లేస్తాయి. కొందరిలో అదే పుండై కేన్సర్ అవుతుంది.

మా అత్త విషయంలో నా తప్పు కూడా ఉంది. చెప్పకపోతే మనసు ఊరుకోదు. నాలుగు నెలల ముందు మా చెల్లెలి కూతురి పెళ్లిలో అత్త పులిహోర పక్కన పెట్టేసి పెరుగన్నమే తింటోంది. ‘‘ఏం అత్తా?’’ అంటే, ‘‘కారం మండుతోందే’’ అంది. నోరు చూశాను. అంగిలి మీద పావలా బిళ్లంత గరుకు మచ్చ. ‘డాక్టరుకి చూపించుకో’ అని ఒక మాట అనేసి పెళ్లి హడావిడిలో పడిపోయాను. ఊళ్లో వైద్యం చేసే ఆయన బి-కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చాడట. మూడు నెలలు అవే మింగింది. మాత్రలకి మానే పుండయితే రెండు వారాల్లోనే మానేది కదా!

ముక్క పరీక్ష అయ్యాక మళ్లీ స్కానింగెందుకు?

విశాఖ తీసుకొచ్చాక ముందు చేసింది ముక్క పరీక్ష. ‘‘కత్తి తగిలితే పాకిపోతాదట’’ అని మామయ్య ఒకటే గొడవ. ఇది చాలామంది ఇళ్లలో వినే మాటే. నోటి పుండు నుంచి చిన్న ముక్క తీసినంత మాత్రాన కేన్సర్ పాకిపోదు. పాకేది ఆలస్యం చేసినందువల్లే. కేన్సర్ అవునా కాదా, ఏ రకం అన్నది తేల్చేది ఆ ముక్కే. వారం తిరక్కుండానే జవాబొచ్చింది. పొలుసుల చర్మకణాల నుంచి పుట్టిన కేన్సర్. తల, మెడ భాగాల్లో వచ్చేవాటిలో ఎక్కువ ఈ రకమే.

‘‘మరి తెలిసిపోయింది కదా, ఇంకా ఎమ్మారై ఎందుకండీ?’’ అని అడిగాను స్కానింగ్ డాక్టరమ్మని. ఆవిడ విసుక్కోకుండా కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టుకుని చెప్పింది.

‘‘ముక్కలో మనం చూసేది ఒక చిటికెడు. మామిడికాయ చెక్క కొరికి చూస్తే పులుపు తెలుస్తుంది. కాయంతా ఎలా ఉంది, టెంక దాకా పురుగు పోయిందా అన్నది తెలియదు కదా! కణితిలో అన్ని మూలలూ ఒక్కలా ఉండవు. ఒకచోట కణాలు కిక్కిరిసి ఉంటాయి, ఒకచోట చచ్చిపోయి ఉంటాయి. అదంతా కొయ్యకుండా చూడాలంటే ఇదే దారి.’’

అంగిలి కేన్సర్‌లో ఇంకో భయం ఉందట. అంగిలి వెనకవైపు ఎముకలో సన్నని రంధ్రం ఉంటుంది. అందులోంచి ఒక నరం పైకి పోతుంది. కొన్ని కణితులు ఆ నరాన్ని పట్టుకుని, తీగ పందిరెక్కినట్టు పుర్రె అడుగు దాకా పాకుతాయి. పైకి ఏమీ కనబడదు. నరం లావెక్కడం, దాని చుట్టూ ఉండే కొవ్వు చెరిగిపోవడం ఎమ్మారైలో బాగా తెలుస్తుంది. గట్టి ఎముక పైపొర తిన్నదా లేదా చెప్పడానికి సీటీ మేలు. ఎముక లోపలి మూలుగలోకి, నరంలోకి, కండలోకి పోయిందా అన్నదానికి ఎమ్మారై మేలు. నాలుక కేన్సర్‌లోనైతే ఎంత లోతుకి దిగిందన్నది మరీ ముఖ్యం. 5 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు దాటితే దశ మారిపోతుంది. 2018 నుంచి డాక్టర్లు పాటిస్తున్న లెక్క ఇది.

ఒంట్లో నీళ్లే సాక్షి!

ఇంతకీ అయస్కాంతానికి కేన్సర్ ఎలా కనబడుతుంది? ఎక్స్‌రేలా అందులో రేడియేషన్ లేదు. అది చూసేది మన ఒంట్లోని నీళ్లని, కొవ్వుని. నీటిలోని హైడ్రోజన్ అణువుల గుండెకాయ ఒక్కొక్కటీ ఒక బుల్లి అయస్కాంతం లాంటిది. పెద్ద అయస్కాంతం మధ్యలోకి వెళ్లగానే వాటిలో కొన్ని ఒక వరసకి వస్తాయి. రేడియో తరంగంతో వాటిని కాస్త కదుపుతారు. తిరిగి వరసలోకి వస్తూ అవి సన్నని సంకేతం ఇస్తాయి. ఆ సంకేతాలనే కంప్యూటర్ బొమ్మగా మారుస్తుంది. తిరిగి వరసకి రావడానికి ఎంతసేపు పడుతుందన్నది ఆ నీళ్లు ఎలాంటి చోట ఉన్నాయో దాన్నిబట్టి ఉంటుంది.

ఎలుకల కణితుల్లో ఈ సమయం మామూలు కండలో కంటే వేరుగా ఉందని రేమండ్ డమేడియన్ అనే అమెరికన్ 1971లో రాశాడు. అప్పటికి బొమ్మ తీయడం ఇంకా రాలేదు. 1973లో పాల్ లాటర్‌బర్ మొదటి బొమ్మ అచ్చువేశాడు. పీటర్ మాన్స్‌ఫీల్డ్ దాన్ని త్వరగా తీసే దారులు కనిపెట్టాడు. ఈ ఇద్దరికీ 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. తమాషా చూడండి... శ్రీకాకుళం పల్లెల్లో పదివేల నోళ్ల లెక్క అచ్చయిందీ 1971లోనే, కేన్సర్‌ని అయస్కాంతం గుర్తుపడుతుందన్న మాట అచ్చయిందీ ఆ ఏడాదే! ఆ రెండు కాగితాలూ కలిసింది మాత్రం ఇన్నేళ్లకి, మా అత్త నోట్లో.

చందనోత్సవం క్యూ - బీచ్‌రోడ్డు షికారు

డాక్టరమ్మ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. మొదటి దాంట్లో అంగిలి మీద బూడిదరంగు గడ్డ. రెండో దాంట్లో అదే చోట దీపం పెట్టినట్టు తెల్లగా వెలుగుతోంది.

‘‘ఇది నీళ్ల నడక చూపించే బొమ్మ. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మీరు ఎటు కావాలంటే అటు నడవగలరు కదా? సింహాచలంలో చందనోత్సవం రోజు క్యూలో నిలబడితే?’’

‘‘అడుగు ముందుకి పడదండీ!’’ అన్నాను.

‘‘కణితిలో నీళ్ల పని కూడా అంతే. ఆరోగ్యంగా ఉన్నచోట కణాల మధ్య సందులుంటాయి. నీళ్లు తేలిగ్గా కదులుతాయి. కేన్సర్ కణాలు అడ్డూ ఆపూ లేకుండా పెరిగి ఇరుక్కుని ఉంటాయి. నీళ్లకి దారుండదు. ఎంత ఇరుకో అంకెల్లో కూడా కొలవొచ్చు.’’

మందు మొదలెట్టాక ఈ అంకె మరీ పనికొస్తుందట. రేడియేషన్, కీమో పనిచేస్తుంటే కణాలు చచ్చి పగులుతాయి, గుంపు పలచబడుతుంది, నీళ్లకి దారి దొరుకుతుంది. గడ్డ సైజు తగ్గకముందే, మొదటి కొద్ది వారాల్లోనే ఈ మార్పు తెలుస్తుందని తల, మెడ కేన్సర్ల మీద చాలా పరిశోధనలు చెప్పాయి. తిరునాళ్లలో జనం పలచబడితే రథం కదలకముందే మనకి తెలిసిపోదూ... అలాగన్నమాట!

అయితే అంకె తక్కువంటే చెడు, ఎక్కువంటే మంచి అని గీత గీసేయడానికి లేదు. వైద్యానికి ముందే నీళ్లు మరీ ధారాళంగా కదులుతుంటే, లోపల కుళ్లిన భాగం ఎక్కువుందని అర్థం కావొచ్చు. అలాంటి కణితులే కొన్నిసార్లు మొండికేస్తాయట. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల గొంతు వెనక, టాన్సిల్స్ దగ్గర వచ్చే కేన్సర్లలో ఈ అంకె సాధారణంగా తక్కువ ఉంటుంది. కానీ అవి వైద్యానికి బాగా లొంగుతాయి! పడమటి దేశాల్లో ఆ రకం ఎక్కువ. మన దగ్గర నోటి కేన్సర్లకి పొగాకు, గుట్కా, వక్క, సారా... ఇవే పెద్ద కారణాలు. ఒకే చోట పుట్టినా, పుట్టించిన కారణాన్నిబట్టి రోగం తీరు మారిపోతుందన్నమాట.

కుళాయి నీళ్లు అందని వీధుల్లాగా...

స్కానింగ్ మధ్యలో అత్త చేతి నరానికి ఒక మందు ఎక్కించారు. గెడోలినియం మందు. దానికి ముందు కిడ్నీలు సరిగా ఉన్నాయో లేదో రక్తపరీక్ష చేశారు. ఆ మందు రక్తంతో పాటు పోయి కణితిలోకి ఎంత వేగంగా చేరుతోంది, ఎంతసేపు నిలుస్తోంది అన్నది నిమిషాల లెక్కన బొమ్మలు తీస్తారు.

‘‘కణితి తన కోసం కొత్త రక్తనాళాలు కట్టుకుంటుంది. ప్లాను లేకుండా వెలసిన కాలనీలా ఉంటాయవి. వంకర టింకరగా, కారుతూ... కుళాయి నీళ్లు మొదటి ఇళ్లకి అందుతాయి, చివరి వీధికి అందవు. అలా రక్తం అందనిచోట ఆక్సిజన్ ఉండదు. ఆక్సిజన్ లేని కణాలు రేడియేషన్‌కి అంత తేలిగ్గా చావవు’’ అంది డాక్టరమ్మ.

మందు సరిగా చేరని భాగాన్ని బట్టి ఆ ‘చివరి వీధులు’ ఎక్కడున్నాయో అంచనా వేయొచ్చు. ముందే తెలిస్తే అక్కడ రేడియేషన్ పెంచవచ్చా, మందు మార్చవచ్చా అన్నది పరిశోధకులు చూస్తున్నారు. తల, మెడలో ఇది చాలా అవసరం. మాట, మింగడం, లాలాజలం, ముఖం... అన్నీ ఆ జానెడు జాగాలోనే ఉన్నాయి మరి. ఎక్కడ ఎంత కొట్టాలో తెలిస్తే మిగతాది దక్కుతుంది.

స్కానింగ్ చెప్పనిది కూడా ఉంది

ఇంత చెప్పి, ఆవిడే చివర్లో ఒక మాట అంది. ‘‘ఇది జాతకం కాదండీ. ఈ అంకెలు ఒక మిషనులో ఒకలా, ఇంకో దాంట్లో ఇంకోలా వస్తాయి. పళ్లకి కట్టించిన లోహం వల్ల, మింగుతూ కదలడం వల్ల కూడా చెడతాయి. వీటిని మాత్రమే చూసి వైద్యం మార్చం. ముక్క పరీక్ష, కంటితో చూసింది, చేత్తో తడిమింది, స్కానింగ్... అన్నీ కలిపి కూర్చుని మాట్లాడుకున్నాకే నిర్ణయం.’’

మా అత్తకి నరం దాకా పాకలేదని తేలింది. ఎమ్మారై వల్ల మాకు దక్కిన పెద్ద మేలు అదే. మెడలో ఒక బిళ్ల మాత్రం అనుమానంగా ఉందన్నారు. ఆపరేషన్ చేసి అంగిలిలో కొంతభాగం, మెడలో బిళ్లలు తీశారు. తర్వాత రేడియేషన్ ఇచ్చారు. అంగిలిలో పడ్డ రంధ్రానికి కట్టుడు పళ్లలాంటి పలక చేయించారు. అది పెట్టుకుంటే అన్నం తింటుంది, మాట స్పష్టంగా వస్తుంది. తీస్తే ముక్కుతో మాట్లాడినట్టుంటుంది, నీళ్లు ముక్కులోకి వచ్చేస్తాయి. మొదటి వారం అద్దం చూసుకోలేదు. ‘‘సచ్చిపోనిస్తే బాగున్ను’’ అంది ఒకరోజు. ఏం చెప్పాలో తెలియక పక్కన కూర్చున్నాను.

మూడు నెలల తర్వాత మళ్లీ ఎమ్మారై. కోసినచోట గట్టిగా ఏదో కనబడింది. మా ప్రాణాలు పైనే పోయాయి! మానిన మచ్చా, మళ్లీ మొలిచిన కేన్సరా? రెండూ పైకి ఒక్కలాగే ఉండొచ్చు. నీళ్ల నడక బొమ్మలో అక్కడ వెలుగు లేదు. మచ్చే కావొచ్చన్నారు. అయినా ఊరికే వదలకుండా నెల నెలా నోరు చూశారు. ఇప్పటికి రెండేళ్లు. మచ్చ మచ్చలాగే ఉంది.

అత్త చుట్ట మానేసింది. ‘మానేసింది’ అని ఒక్క ముక్కలో రాశాను గానీ, మొదటి నెలంతా మనిషి మనిషిలా లేదు. చేతికి ఏదో ఒకటి ఉండాలని చింతపండు పిక్కలు తీసేది. ఆపరేషన్ అయిన ఆర్నెల్లకి ఊరెళ్లాను. వీధరుగు మీద నలుగురు ఆడవాళ్లని ఎండకి ఎదురుగా కూర్చోబెట్టి నోళ్లు తెరిపిస్తోంది. పలక తీసి తన అంగిలి చూపిస్తోంది. ‘‘ఇలగ కావాలేటి మీకు? బేగి చూపించుకోండి’’ అంటోంది. వాళ్లలో ఒకామెకి తెల్లమచ్చ ఉంటే తర్వాతి సోమవారం బస్సెక్కించి మా ఇంటికి పంపింది. ఆమెకి కేన్సర్ కాదు. చుట్ట మానితే తగ్గే అవకాశం ఉందన్నారు.

నిజానికి చెప్పడం వల్ల ఉపయోగం ఉందని లెక్కలు కూడా ఉన్నాయి. శ్రీకాకుళంతో పాటు మరో రెండు జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లకి ఇంటింటికీ వెళ్లి చెబితే మానేసినవాళ్లు పెరిగారని, నోట్లో తెల్లమచ్చలు తగ్గాయని 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కోట్ల రూపాయల అయస్కాంతం చేసే పని దానిదే, కాదనను. కానీ అది చూసేది పుండు పడ్డాక. అంతకు ముందు చూడాల్సింది మన కళ్లే. ఆ పెళ్లిలో నేను చూశాను, చూసి కూడా వదిలేశాను. మీరు వదిలెయ్యకండి.

ఇవి గుర్తుపెట్టుకోండి

* నోట్లో పుండు రెండు మూడు వారాల్లో మానకపోతే డాక్టరుకి చూపించండి. తెల్లని, ఎర్రని మచ్చలు, కారణం లేకుండా కదిలే పన్ను, మెడలో నొప్పి లేని బిళ్ల, గొంతు బొంగురు... ఏదీ తీసిపారేయొద్దు.

* నెలకోసారి వెలుగులో అద్దం పెట్టుకుని పెదాలు, బుగ్గల లోపల, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లవి మీరే చూడండి.

* ముక్క పరీక్షకి భయపడొద్దు. దానివల్ల కేన్సర్ పాకదు.

* ఎమ్మారైకి వెళ్లేముందు ఒంట్లో పేస్‌మేకర్, గుండె కవాటం, చెవిలో యంత్రం, ఎముకలకి వేసిన ప్లేట్లు ఏమున్నా తప్పక చెప్పండి. గర్భం ఉన్నా, కిడ్నీ జబ్బున్నా చెప్పండి. నగలు ఇంట్లోనే పెట్టి వెళ్లండి.

* విశాఖలో కేజీహెచ్‌లో, అగనంపూడిలోని హోమీభాభా కేన్సర్ ఆస్పత్రిలో కేన్సర్ వైద్యం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం కింద మీకు ఏమేం వర్తిస్తాయో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రని అడగండి.